పదకొండు ఎపిసోడ్ల కల

మా మేనత్త పోయింది. ఆ కబురు చెప్పడానికి వదినె మూడుసార్లు ఫోను చేస్తే మూడుసార్లూ నేను కట్ చేశాను. ఎందుకంటే వచ్చింది అత్త ఫోను నుంచి, టైము మధ్యాహ్నం రెండున్నర దాటింది. ఆ టైములో ఆ నంబరు కనిపిస్తే అది తిట్లకేనని నాకు నాలుగేళ్ళ అనుభవం. నాలుగోసారి ఎత్తి, "అత్తా, స్క్రిప్టు పంపాలి, నన్ను చంపొద్దు" అన్నాను. అవతల వదినె. "అత్త లేదప్పా ఇంగ" అంది. అన్నం తిని, విత్తనం కాయలు ముందేసుకుని వలుస్తూ, అట్లే గోడకు ఒరిగిపోయిందట. డెబ్బై దాటిన మనిషి. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయిందని ఊళ్ళో అందరూ అన్నారు. బతికుండగా ఎంత ఇబ్బంది పెట్టిందో నన్నడిగితే చెప్పేవాణ్ణి.

నేను టీవీ సీరియళ్ళకు మాటలు రాస్తాను. రోజూ రెండింటికి వచ్చే ఆ సీరియల్ మీలో చాలామంది చూసే ఉంటారు. అబ్బే, మేం అలాంటివి చూడం అనేవాళ్ళు కూడా కథ అడిగితే పూసగుచ్చినట్టు చెబుతారు. పెద్ద ఇల్లు, ఇద్దరు కోడళ్ళు. చిన్నకోడలు మంచిది, కాబట్టి ఏడుస్తుంది. పెద్దకోడలు చెడ్డది, కాబట్టి పట్టుచీర కట్టుకుని తలుపు వెనకాల నిలబడి పన్నాగాలు పన్నుతుంది. ఆ పన్నాగాలకు మాటలు రాసే ఖర్మ నాది.

మేనత్త కంబదూరు దగ్గర మా ఊళ్ళో, మా అన్నా వదినెల ఇంట్లో ఉండేది. ఎండాకాలం చివర విత్తనం పనులు మొదలయ్యాయంటే అక్కడ అందరికీ ఒకటే పని. మిషన్‌లో వేస్తే పప్పు పగిలి విత్తనానికి పనికిరాదని చెనిక్కాయలు, అదే వేరుశనగ కాయలు, చేత్తోనే వలుస్తారు. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఐదారుగురు చాటలు పట్టుకుని అత్త దగ్గర చేరేవాళ్ళు. చేతులు కాయల మీద, కళ్ళు టీవీ మీద. అరగంట సీరియల్ అయిపోగానే అత్త చేతులు దులుపుకుని నాకు ఫోను చేసేది. అప్పుడు నేను మరుసటి షూటింగుకు సీన్లు పంపాల్సిన హడావిడిలో ఉంటాను. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

"ఏమల్లుడా, ఆయమ్మ పాలల్లో ఏమో కలపల్లనుకునింది, సరే. 'ఈ పాలతో నీ పీడ ఇరగడైపోతాదే' అని అంత గట్టిగా ఎందుకనింది? ఇంట్లో పదిమంది ఉండారు కదా, ఎవురికీ చెవుల్లేవా?"

"అది మనసులో అనుకోవడం అత్తా."

"మనసులో అనుకునింది నాకెట్ల ఇనపడిందిరా మరి?"

ఇంకోరోజు ఇంకో పేచీ. తలుపు వెనకాల దాక్కుంటే చీర కుచ్చిళ్ళు బయటికి కనపడుతున్నాయని. దొంగతనంగా తాళంచెవి తీసేదానికి చేతినిండా గాజులెందుకని. "తప్పు చేసే మనిషి కండ్లురిమి చూస్తాదేమిరా యాడన్నా? నగుతా, 'తినుమ్మా, చిక్కిపోయినావు' అంటాది. నీకేమీ తెలీదు, నీకు జీతమెవురిస్తాండారో ఏమో" అనేది. ఒక్కోసారి కోపంతో ఫోను బల్ల మీద పెట్టేసి రాసుకుంటూ ఉండేవాణ్ణి. అందులోంచి ఆమె గొంతు సన్నగా వినపడుతూనే ఉండేది. మధ్యలో "ఇంటాండావా?" అని అడిగితే "ఊఁ" అనేవాణ్ణి.

విచిత్రం ఏమిటంటే, ఇంతా తిట్టి ఆమె పెద్దకోడలి పక్షమే. ఊరంతా ఆ పాత్రను చూసి మెటికలు విరుస్తుంటే ఈమె మాత్రం వెనకేసుకొచ్చేది. "ఆ ఇంట్లో పని చేసేది అదొక్కటే. మిగిలినోళ్ళు నిలబడుకోని ఒకరి మొగం ఒకరు చూస్తాంటారు. చిన్నదుండాది, ఏడుస్తాది. ఏడిస్తే ఇల్లు జరుగుతాదా?"

ఇక్కడ నేనొక సంగతి ఒప్పుకోవాలి. పెద్దకోడలి ఎత్తులు చాలావరకు నావి కావు. అత్తవి.

మా అక్క పదో తరగతిలో ఉండగానే ఒక సంబంధం వచ్చింది. నాయనకు ఇష్టమే, అక్క మాత్రం ఒకటే ఏడుపు. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు భోజనానికి కూర్చున్నారు. అత్త పప్పులో గుప్పెడు ఉప్పు ఎక్కువ పోసి, వడ్డిస్తూ, "మా పాప చేతి వంటే, కడుపునిండా తినండి" అని బతిమాలి బతిమాలి పెట్టింది. వాళ్ళు నీళ్ళు తాగి లేచినవాళ్ళు మళ్ళీ రాలేదు. అక్క ఈరోజు గుంతకల్లులో రైల్వే టికెట్ల కౌంటరులో కూర్చుంటోంది. ఈ ఉప్పు కథను నేను చిన్నకోడలి చెల్లెలి నిశ్చితార్థం చెడగొట్టడానికి వాడుకున్నాను. ఆ రోజు ఫోను రెండుంపావుకే వచ్చింది, సీరియల్ అయ్యేదాకా కూడా ఆగలేదు.

"ఆ ఉప్పు నాదే కదా?"

"నీదే అత్తా."

"మరి దాన్ని చెడ్డదాని చేతిలో ఎందుకు పెట్టినావు?"

"సీరియల్లో మంచివాళ్ళు ఉప్పు పోయరత్తా."

"అట్లయితే మీ మంచోళ్ళుండి ఎవురికేమి లాభం?" అని పెట్టేసింది.

వానల్లేని ఒక ఏడాది నాయన ఇల్లు తాళం వేసి అందరినీ బెంగళూరుకు పనికి తీసుకుపోదామనుకున్నాడు. నాకు పదో తరగతి పరీక్షలకు మూడు వారాలుంది. అత్తకు కడుపునొప్పి వచ్చింది. నాయన మూటలు బయటికి తీసినప్పుడల్లా నేలమీద పడి పొర్లేది. ఆయన అటు పోగానే లేచి ముద్ద తినేసి, "ఏమిరా చూస్తాండావు, చదువుకో" అని నన్ను కసిరేది. నా ఆఖరి పరీక్ష రోజు సాయంత్రం నొప్పి మాయమైపోయింది. నాయనకు తెలుసనే ఇప్పుడు నాకనిపిస్తుంది. నేను దాన్ని పెద్దకోడలు పక్షవాతం నటించిన ఘట్టంగా పదిహేను ఎపిసోడ్లు లాగాను. నన్ను చదివించిన నొప్పిని తీసుకెళ్ళి విలన్‌కు తగిలించాను. సిగ్గుగానే ఉంది. అప్పుడు మాత్రం లేదు.

ఆమెకు ఇన్ని ఎత్తులు ఎక్కడివని ఒకసారి అడిగాను. పెళ్ళయిన మూడేళ్ళకు మామ పోతే, నెల తిరక్కుండా అత్తింటివాళ్ళు బయటికి పంపేశారని మాకు తెలుసు గానీ ఎలాగో తెలియదు. ఆ రోజు చెప్పింది. "మిట్టమధ్యానం. బోకులు తోముతాన్యా. మా బావ వచ్చి లెయ్, మీ అన్న ఇంటికి పో అన్యాడు. చేతులు తుడుచుకునే దానికన్నా ఇడిసిపెట్టలేదురా. వాకిలి దాటినంక యాడికి పోవల్లో తెలీక, ఆ తడిచేతులు ఎండేదాకా ఆడనే నిలబడుకున్యా." బస్సులో ఏడ్చావా అని అడిగితే, "సీటుంటే కదా ఏడ్చేది, నిలబడి వచ్చినా" అంది. మా ఇంటికొచ్చాక మళ్ళీ ఎవరూ తనను లెయ్ అనకూడదని తను లేకపోతే మా ఇల్లు జరగని విధంగా అల్లుకుపోయింది. అది పన్నాగమే అయితే ఆమె బతుకంతా పన్నాగమే.

ఈ వేసవిలో చానల్‌వాళ్ళు ఒక నిర్ణయం తీసుకున్నారు. పెద్దకోడలి పాపం పండాలి. అత్తమామలు, మొగుడు, అందరూ కలిసి ఆమెను ఇంట్లోంచి గెంటేయాలి. ప్రోమోలో చూపించిన రెండు క్షణాల ముక్కను బట్టి మా అత్త కనిపెట్టేసింది. ఫోను చేసింది. ఆ రోజు తిట్టలేదు, అదే నాకు కొత్తగా అనిపించింది.

"అల్లుడా, నిన్నెప్పుడన్నా ఏమన్నా అడిగినానా?"

"రోజూ అడుగుతావు కదత్తా."

"అది కాదు. దాన్ని కొట్టించు. జైల్లో ఏపించు. కాలు ఇరగ్గొట్టు, నేనేమీ అనను. ఇంట్లోంచి మాత్రం ఎళ్ళగొట్టొద్దు నాయనా. ఆడది వాకిట్లో నిలబడుకోని యాడికి పోదామా అని చూసేది నేను చూడలేను."

ఆ సీను నేను రాసి వారమైంది. షూటింగు కూడా అయిపోయింది. ఆ మాట చెబితే ఇంకో అరగంట మాట్లాడుతుంది. దర్శకుడు అప్పటికే రెండుసార్లు ఫోను చేశాడు. "సరే అత్తా, ఎళ్ళగొట్టను. మాటిస్తున్నా, ఫోను పెట్టు" అన్నాను. ఒక ఫోను తొందరగా పెట్టించడానికి ఆడిన అబద్ధం అది. అంతకన్నా ఏమీ లేదు.

సీను టీవీలో వచ్చింది. అత్త ఫోను చేయలేదు. మర్నాడూ చేయలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. అలిగింది, అలిగితే అలగనీ, నాలుగు రోజులు ప్రశాంతంగా రాసుకోవచ్చు అనుకున్నాను. అలా పదకొండు ఎపిసోడ్లు గడిచాయి. పన్నెండో రోజు వదినె ఫోను.

కబురు విన్న రాత్రికే ఊరికి వచ్చాను. దహనం అయిన నాలుగో రోజు మధ్యాహ్నం, అలవాటు చొప్పున కాబోలు, ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. చావింట్లో విత్తనం ముట్టకూడదని ఎవరి చేతుల్లోనూ కాయలు లేవు. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నారు. కాసేపటికి పక్కింటామె మెల్లగా అడిగింది.

"అన్నా, ఈ టయాన అడగగూడదు గానీ, ఆ చిన్నకోడలు ఇంగా నిద్ర లేయలేదా?"

నాకేమీ అర్థం కాలేదు. ఏ నిద్ర అన్నాను.

"అదే, కల కంటాంది కదా. పెద్దకోడల్ని ఎళ్ళగొట్టినట్ల. మీ అత్త మాకు చెప్పిందిలే. నువ్వు ఎవురికీ చెప్పొద్దన్యావంట, మేమూ యాడా అనలేదు."

వదినె నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయి చెప్పింది. నేను మాటిచ్చానని అత్త ఊరంతా చెప్పుకుందట. మావాడు ఎళ్ళగొట్టడు, నాకు మాటిచ్చినాడు, చూస్తాండండి అని. తీరా ఆ రోజు పెద్దకోడల్ని జుట్టు పట్టి బయటికి తోసేసరికి ఆడవాళ్ళందరూ టీవీ వదిలేసి అత్తనే చూశారట. ఆమె తల వంచుకుని ఒక పది కాయలు వలిచిందట. తర్వాత తలెత్తి, "ఇది కల. చిన్నది కనే కల. మావాడు ముందే చెప్పినాడు" అందట. అప్పటినుంచి రోజుకొక ఎపిసోడు, రోజుకొక సంజాయిషీ. ఇన్ని దినాల కలేందే అని ఎవరో అంటే, టీవీలో మూడు దినాల పెండ్లి మూడు నెలలు జరగలేదా, కల మాత్రం ఒక దినంలో ఎట్లయిపోతాది అని నోరు మూయించిందట. పెద్దకోడలు గుడి మెట్ల మీద అడుక్కుంటుంటే, "చూడండమ్మే, మొగం మింద పౌడరట్లే ఉండాది. కల కాబట్టే" అందట. పౌడరు చెరపొద్దని దర్శకుడితో ఆ నటి గొడవపడిన సంగతి నాకు తెలుసు. నవ్వొచ్చింది, నవ్వలేకపోయాను.

"నీకు తెలుసు కదా వదినె, అది కల కాదని."

"తెల్దా నాకు? ఒకనాడు ఎవురూ లేనప్పుడు అడిగినా. అత్తా, వాడు మాట తప్పినాడు కదా, ఫోన్ చేసి నాలుగు తిట్టరాదా అని. 'తప్పితే తప్పినాడు లేమ్మే. ఊర్లో తెలియల్సిన పనేముంది' అనింది."

నేను బయటికి పోయి, సిగ్నలు అందే చోటు చూసుకుని దర్శకుడికి ఫోను చేశాను. పెద్దకోడల్ని గెంటేసిన దగ్గర్నుంచి వచ్చినవన్నీ కల అని చూపిద్దామన్నాను. పిచ్చి పట్టిందా అని అరిచాడు. ఇన్ని రోజుల కల ఎవడు నమ్ముతాడయ్యా అన్నాడు. మా ఊరు నమ్మింది సార్ అన్నాను. అతను కాసేపు గొణిగి, అసలు సంగతి బయటపెట్టాడు. పెద్దకోడలు ఇంట్లోంచి పోయినప్పటినుంచి సీరియల్ చూసేవాళ్ళు తగ్గిపోయారట. ఆమెను వెనక్కి తేవడానికి చానల్‌వాళ్ళే దారి వెతుకుతున్నారట. ఆమె లేకపోతే ఇంట్లో ఏ పనీ జరగడం లేదు అన్నాడు, అచ్చం అత్త అన్నట్టే. అది అత్త చెవిన పడి ఉంటే నాకు ఏడాదిపాటు దెప్పులు తప్పేవి కావు. సోమవారం చిన్నకోడలు నిద్ర లేచేలా రాసిమ్మన్నాడు.

లోపలికొచ్చి ఆ మాటే చెప్పాను. "సోమవారం లేస్తుందక్కా. పెద్దకోడలు ఇంట్లోనే ఉంది, ఎక్కడికీ పోలేదు." ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. "చెప్పలేదా, ఆయమ్మ చెప్పిందంటే తప్పదు" అంది ఒకామె. రెండయింది. అత్త ఉంటే పెట్టమనేదే కదా అని వదినె టీవీ సన్నగా పెట్టింది.

తెరమీద పెద్దకోడలు వానలో తడుస్తూ గేటు పట్టుకుని నిలబడి ఉంది. నన్ను లోపలికి రానివ్వండి, నేను ఎక్కడికి పోవాలి, ఒక్కసారి తలుపు తీయండి అని అడుగుతోంది. ఆ మాటలు నేనే రాశాను, టీ తాగుతూ, పది నిమిషాల్లో. ఎవరూ తలుపు తీయలేదు. ఏడుపును పంటి బిగువున ఆపుకుందామనుకున్నాను గానీ ఆగలేదు, అంతమంది ఆడవాళ్ళ మధ్య కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను. వాళ్ళెవరికీ కళ్ళు కూడా చెమర్చలేదు. నిమ్మళంగా చూస్తున్నారు. పక్కింటామె నావైపు జరిగి, భుజం తట్టింది.

"ఏమన్నా నువ్వు, రాసినోనివి నువ్వే ఏడుస్తే ఎట్ల? ఊరుకో. కల కదా ఇది."