తలుపు పక్క కుర్చీ

మేడం పోయారని పొద్దున్నే వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క లేస్తలేదమ్మా" అన్నది ముందు. తర్వాత, "ఇగ లేవదు" అన్నది. రాత్రి పప్పుచారుతో అన్నం తిని, చెల్లెలితో టీవీ రిమోట్ కోసం కొట్లాడి పడుకున్న మనిషి. నేను శంషాబాద్ చేరేసరికి ఇంటిముందు టెంటు వేస్తున్నారు, ఆటోలోంచి కిరాయి కుర్చీలు దించుతున్నారు.

ఏడుపు రావలసిన చోట నాకు కోపం వచ్చింది. మేం పనిచేసిన జైలు పెద్దసారు ఇంత లావు పూలదండ పట్టుకొని వచ్చాడు. దండ వేసి, చేతులు కట్టుకొని, నలుగురూ వినేటట్టు, "శాంతమూర్తి అండీ. ఒక్కనాడు గొంతు పెంచి మాట్లాడింది లేదు" అన్నాడు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, సరే. కానీ ఆమెవి కాని కళ్ళు తెచ్చి అతికిస్తే ఎట్లా? మా మేడం శాంతమూర్తి కాదు, అగ్గి మీద గుగ్గిలం. ఆ గొంతు ఎక్కువగా ఎవరి మీద లేచిందో ఆయనకు తెలియదా? బాగా తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె జైల్లో సీనియర్ సైకాలజిస్టు. 2009 నుంచి నాలుగేళ్ళు నేను ఆమె కింద పనిచేశాను. నిద్ర పట్టనివాళ్ళు, గోడలతో మాట్లాడేవాళ్ళు, చచ్చిపోతాననేవాళ్ళు, అందరూ మా చిన్న గదికే వచ్చేవారు. అందులో రెండు కుర్చీలు. ఒకటి తలుపు పక్కన, ఒకటి లోపలి గోడ వైపు. తలుపు పక్క కుర్చీలో మనం కూర్చోవాలి, ఏదైనా జరిగితే బయటికి పరుగెత్తే దారి మనకు దగ్గరగా ఉండాలి అని కాలేజీలో నేర్పారు. జైలు రూలు కూడా అదే. మేడం మాత్రం పోయి గోడ వైపు కూర్చొని, తలుపు పక్క కుర్చీ ఖైదీకి ఇచ్చేవారు.

మొదటిరోజు అది చూసి ఊరుకోలేకపోయాను. బయటికొచ్చాక అడిగితే, "పొద్దుగాల లేస్తే తాళాలేసిన తలుపులే చూస్తడు గదనే. జరసేపన్న తలుపు ఆయన దిక్కు ఉండనీ" అన్నారు.

"భయం కాదా మేడం?"

"ఎందుకు గాదు? నాకు గూడ అయితది. భయపడుకుంటనే కూసో."

ఈ మాట నాకు ఇప్పటికీ పనికొస్తుంది. ఇంకో మాట కూడా అనేవారు, నేను కళ్ళనీళ్ళు తిప్పుకున్నప్పుడల్లా: "ఏడ్వకు, తిట్టు. ఏడిస్తే ముక్కు తుడుసుకొని ఇంటికి పోతవ్. తిడితె పనన్న అయితది."

ఆదివారాలు వాళ్ళింటికి పోయేదాన్ని. జొన్నరొట్టె, వంకాయ కూర. తిండి దగ్గర కూడా కోపమే. "గదేం తిండే, పిట్ట తిన్నట్టు!" అనేవారు. నెత్తి మీద విమానం పోతుంటే వేలు పైకెత్తి మాట ఆపేవారు. చప్పుడు తగ్గాక, ఎవరిని తిడుతూ ఆపారో సరిగ్గా ఆ తిట్టు దగ్గరే మళ్ళీ అందుకునేవారు. నవ్వలేక చచ్చేదాన్ని.

ఇక మంఖాల్ తమ్ముడి సంగతి. మా గదికొచ్చిన ఖైదీ, నేను తమ్ముడనే పిలిచేదాన్ని. పేరు వద్దు, ఊరు మాత్రం రాయక్కా అని అతనే అన్నాడు కాబట్టి రాస్తున్నాను. పొలం గట్టు పంచాయితీలో కోపంతో సొంత అన్నను తోశాడు. అన్న బతకలేదు. జైలుకొచ్చిన దగ్గర్నుంచి తమ్ముడు నోరు విప్పలేదు. తినమంటే మెతుకులు కెలికి వదిలేసేవాడు. "నాటకం మేడం, బెయిలు కోసం" అన్నారు సిబ్బంది. "నాటకమైతే గిన్ని దినాలు ఎవలాడతరయ్యా, నువ్వు ఆడు చూస్త" అని మేడం వాళ్ళ మీద లేచారు. రోజూ పిలిపించి తలుపు పక్క కుర్చీలో కూర్చోబెట్టేవారు. ఆమే ఏదో మాట్లాడేవారు, అతను తలుపు వైపు చూస్తూ ఉండేవాడు.

చాలా రోజులకు ఒకనాడు నోరు తెరిచాడు. "గీ కుర్చీ మీది గదా మేడం?"

"నాది గాదు, బయటికి పోయేటోళ్లది. నువ్వు ఎప్పటికన్న బయటికి పోయేటోనివి. నేను రేపు మళ్ల ఈడికే రావాలె గద" అన్నారు మేడం. తమ్ముడు అప్పుడు ఏడ్చాడు. అన్న పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చాడు.

మాట వచ్చింది కదా, ఇక గండం గడిచిందనుకున్నాం. గడవలేదు. అన్న సంవత్సరీకం నాడు తమ్ముడు ప్రాణం తీసుకోబోయాడు. తోటివాళ్ళు చూసి ఆపారు. మరి జైలు ఏం చేసిందంటారు? తీసుకుపోయి ఒక ఖాళీ గదిలో ఒక్కణ్ణే పడేసింది. దుప్పటి కూడా ఇవ్వలేదు. పలకరించే దిక్కు లేదు. అది రక్షణట!

మేడం నేరుగా పెద్దసారు గదిలోకి పోయారు. వెనక నేను. "బావిల దునికినోన్ని తీసి ఇంకో బావిల ఏస్తరా? మనిషి తోడు లేకనే గదా గా పని చేసిండు! మీరు తోడు పెట్టమంటె తాళం పెడితిరి!" ఆ గొంతుకు బయట వరండాలో కాపలా జవాన్లు సర్దుకొని నిలబడ్డారు. పెద్దసారు ఫైలు మీంచి తలెత్తలేదు. "సెక్యూరిటీ మా పని మేడం. మీరు మీ కౌన్సెలింగ్ చూసుకోండి" అన్నాడు.

మేడం వచ్చి ఆ గది బయట, ఊచల ముందు, నేల మీద చీర సర్దుకొని కూర్చున్నారు. "వీణ్ణి మనుషుల్ల ఏసేదాంక నేను లేవ" అన్నారు. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. లోపల తమ్ముడు, బయట ఆమె. సాయంత్రం జల్‌పల్లికి చెందిన ఒక ముసలి ఖైదీ, అందరూ చాచా అనేవారు, జవాన్ల ముందుకొచ్చి, "పోరగాన్ని నా పక్కన పండనీయిండ్రి సాబ్. నాకు ఎట్లగూ నిద్ర రాదు, జర చూసుకుంట ఉంట" అన్నాడు. అప్పుడు దిగొచ్చింది జైలు. తమ్ముణ్ణి, తోడుగా చాచానూ దవాఖాన బ్యారక్‌లోకి మార్చారు. తమ్ముడు చాచా పక్కన పడుకున్నాడు, డాక్టరు ఇచ్చిన మందులు వేసుకున్నాడు, బతికాడు.

మేడంకు ఏం దక్కిందో కూడా చెప్పాలి. ముందు మా గదిలో కుర్చీలు నేలకు బోల్టులతో బిగించారు. తలుపు పక్కది ఉద్యోగిదట, గోడ వైపుది ఖైదీదట. మేడం నవ్వి, ఎప్పటిలాగే పోయి గోడ వైపు కూర్చున్నారు. "బిగిస్తే బిగిచ్చిండ్రు. పేరైతే రాయలే గద!" మరుసటి ఏడాది ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం ఎవరూ చెప్పలేదు. "శాంతమూర్తి"ని ఎందుకు వద్దనుకున్నారో పెద్దసారు ఆ టెంటు కింద చెప్తాడేమోనని చూశాను. చెప్పలేదు.

పదింటికి తమ్ముడు వచ్చాడు. విడుదలై ఏడాది దాటింది. గేటు బయటే చెప్పులు విడిచి నిలబడ్డాడు. "గాయన జైలుకెల్లొచ్చిండట, లోపటికి రానియ్యకుండ్రి" అని బంధువు ఒకాయన గుసగుసలాడుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆమె దినమంతా కూర్చున్నది ఎవరితో అనుకున్నారు, మీతోనా?" అని అరిచి, తమ్ముణ్ణి చెయ్యి పట్టుకొని లోపలికి తెచ్చాను. మేడంను పడుకోబెట్టిన గదిలో తలుపు పక్కన ఒక కిరాయి కుర్చీ వేసి, కూర్చోమన్నాను.

తమ్ముడు ఆ కుర్చీని చూశాడు. కూర్చోలేదు. దాన్ని దాటి పోయి, లోపలి గోడకు ఆనుకొని నేల మీద కూర్చున్నాడు.

ఎండెక్కింది. టెంటు కింద మాటలు ముగించుకొని పెద్దసారు చెమట తుడుచుకుంటూ గదిలోకి వచ్చాడు. కుర్చీ ఖాళీగా కనబడింది. వెనక్కి చూసుకొని కూర్చోబోతున్నాడు. నేను నోరు తెరిచేలోపే గోడ దగ్గర్నుంచి తమ్ముడి గొంతు వినబడింది.

"అండ్ల కూసోకుండ్రి సారూ. గా కుర్చీ బయటికి పోయేటోళ్లది. ఇయ్యాల మేడంది."

పెద్దసారు అతణ్ణి గుర్తుపట్టాడు. ఏదో అనబోయాడు. నెత్తి మీద విమానం వచ్చింది, ఆ మాట ఎవరికీ వినబడలేదు. చప్పుడు పోయాక ఆయన మళ్ళీ అనలేదు. మేడంను ఎత్తి ఆ తలుపులోంచి బయటికి తీసుకెళ్ళేదాకా కుర్చీ ఖాళీగానే ఉంది, పెద్దసారు దాని పక్కన నిలబడే ఉన్నాడు.