జాకెట్ సైజు

నోయిడా మెట్రోలో మా ఆయనతో ఫోన్లో మాట్లాడుతున్నాను. పాపకి వేసవి క్యాంపు దొరికిందనీ, పడవ షికారుకి లైఫ్ జాకెట్లు వాళ్ళే ఇస్తారనీ చెప్పి పెట్టేశాను.

"ఏమీ అనుకోకండి, జాకెట్లు పిల్లల సైజువేనా?" పక్క సీట్లో ఆవిడ తెలుగులో అడిగింది.

"ఉన్నాయన్నారండీ. సైజు అడగలేదు."

ఆవిడ ఎదురుగా నిలబడ్డ మా పాప స్కూలు బ్యాగు పట్టీలు రెండూ పట్టుకుని పైకి లాగింది. వదులు పట్టీలు చెవులదాకా లేచాయి.

"మేమూ 'ఉన్నాయా' అని మాత్రమే అడిగాం. మా బాబుకి పెద్దవాళ్ళది తొడిగారు. నీళ్ళమీద జాకెట్ ఒక్కటే తేలింది."

తర్వాతి స్టేషన్లో దిగిపోయింది.

ఇప్పటికీ పడవ ఎక్కేముందు పాప జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని లాగుతాను. "బస్ కరో మమ్మీ, ఇక చాలు," అని విసుక్కుంటుంది. ఇంకోసారి లాగుతాను.