మంచినీటి బావుల చుట్టూ గీసిన గీత

ఉద్యోగ విరమణకు నాలుగేళ్ళ ముందు, జూన్ నెల బదిలీల్లో, నన్ను కర్నూలు నుంచి కడప జిల్లా ఉత్తర భాగంలోని ఒక చిన్న మునిసిపాలిటీకి టౌన్ ప్లానింగ్ ఆఫీసరుగా పంపారు. ఊరి పేరు రాయను. కర్నూలులో నాకు రావలసిన పదోన్నతి నాకంటే ఆరేళ్ళు చిన్నవాడికి వెళ్ళింది. మ్యాపు మీద స్కేలు పెట్టి దూరం కొలవడం అతనికి నేర్పినవాణ్ణి నేనే. ఈ సంగతికీ ఇప్పుడు రాయబోయేదానికీ నేరుగా సంబంధం లేదు. కానీ కొత్త ఊళ్ళో నేను బస్సు దిగినప్పుడు నా మనసు ఎలా ఉందో తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

టౌన్ ప్లానింగ్ అంటే ఇళ్ళ ప్లాన్ల మీద సంతకాలు పెట్టడమని చాలామంది అనుకుంటారు. అది మా పనిలో సగం. రెండో సగం మాస్టర్ ప్లాన్. రాబోయే ఇరవై ఏళ్ళలో ఊరు ఎటు పెరగాలో, ఎక్కడ ఇళ్ళు, ఎక్కడ అంగళ్ళు, ఎక్కడ గోడౌన్లు రావాలో, ఏ పొలం పొలంగానే ఉండాలో రంగులతో చూపించే పటం అది. ముసాయిదాను నోటీసు బోర్డుకు ఎక్కించి, ప్రజల అభ్యంతరాలను రిజిస్టరులో రాసుకుని, విచారణ జరిపి, ఒక్కోదాన్ని ఎందుకు ఆమోదించామో ఎందుకు తోసిపుచ్చామో కారణాలతో రిపోర్టు తయారు చేయాలి. కౌన్సిల్ తీర్మానం తరవాత అది పై ఆఫీసుకు వెళ్తుంది. ఆ రిపోర్టు మీద మొదటి సంతకం టౌన్ ప్లానింగ్ ఆఫీసరుది. నేను వెళ్ళేసరికి అక్కడ పాత ప్లాన్ గడువు ముగిసి, కొత్తది తయారవుతూ ఉంది. నా సర్వీసులో అదే ఆఖరి మాస్టర్ ప్లాన్ అని నాకు తెలుసు.

ఊరికి మంచినీళ్ళు పక్కనున్న వంక నుంచి, అంటే చిన్న వాగు నుంచి, వస్తాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు అది వట్టి ఇసుక. ఆ ఇసుకలో దింపిన నాలుగు బావుల నుంచి నీళ్ళు తోడి ట్యాంకుకు ఎక్కిస్తారు. నేను చేరిన నెలలోనే నాలుగో బావి నీటి పరీక్ష రిపోర్టు వచ్చింది. నైట్రేటు లీటరుకు నలభై ఐదు మిల్లీగ్రాముల హద్దు దాటింది. పొలాల్లో ఎక్కువై మిగిలిన యూరియా, మరుగుదొడ్ల గుంతల్లోని మురికి భూమిలోకి ఇంకినప్పుడు నీళ్ళలో చేరేది నైట్రేటు. దానికి రంగు లేదు, వాసన లేదు, కాచినా పోదు. పెద్దవాళ్ళకు వెంటనే తెలియదు గానీ డబ్బాపాలు తాగే నెలల బిడ్డలకు ప్రాణాపాయం. ఆ నీళ్ళతో పాలు కలపవద్దని ఆసుపత్రి గోడ మీద డాక్టరు పెద్ద అక్షరాలతో రాయించాడు.

బావుల చుట్టూ రక్షణ ప్రాంతం ఉండాలని కర్నూలులో ఉండగా నేను రెండుసార్లు నోటు పెట్టాను. రెండూ 'ఫైలులో ఉంచండి' అన్న ఒక్క ముక్కతో తిరిగి వచ్చాయి. వాటి నకళ్ళు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. ఇక్కడ మాత్రం కమిషనరు వెంటనే ఒప్పుకున్నాడు. ఎందుకంటే అదే మాటను మండల వ్యవసాయాధికారి నూర్జహాన్ ఆయనకు ముందురోజే చెప్పిందట. "మేడం కూడా ఇదే అన్నారండీ, మంచి ఆలోచన" అన్నాడు నాతో. పదేళ్ళుగా నేను మోస్తున్న ఆలోచన ఆ ఒక్క మాటతో ఆమెదైపోయింది.

ఎరువుల అంగడికి లైసెన్సు ఇచ్చేది వ్యవసాయ శాఖ. గోడౌన్ ఏ స్థలంలో ఉండవచ్చో చెప్పేది మేము. కాబట్టి ఇద్దరం కలిసి పని చేయక తప్పదు. ఆమెకు నాకంటే ఇరవై ఏళ్ళు తక్కువ. చెప్పులు చేత పట్టుకుని బురద మడిలో దిగేది. రైతులు ఆమెను చూస్తే లేచి నిలబడేవారు కాదు, పక్కన చోటు చూపించేవారు. నన్ను చూస్తే లేచి నిలబడి, మాటలు ఆపేసేవారు. మర్యాద నాకు, మాటలు ఆమెకు. ఆమె మీద నాకున్నది కోపం కాదు, అసూయ. ఈ మాట కాగితం మీద పెట్టడానికి రిటైరయ్యాక కూడా చాలా కాలం పట్టింది.

రక్షణ ప్రాంతాన్ని నేనే గీశాను. మా నిబంధనలన్నీ 'ఇన్ని మీటర్ల లోపల' అనే పద్ధతిలో ఉంటాయి. కాబట్టి మా వృత్తిలో దూరమంటే వృత్తం. నాలుగు బావుల నడిమధ్య కంపాసు ముల్లు గుచ్చి, అర కిలోమీటరు లెక్కన చుట్టూ గీత తిప్పాను. లోపల కొత్త లేఅవుట్లు కూడదు, ఎరువుల గోడౌన్లు కూడదు. ఉన్నవాటిని గడువులోగా తరలించాలి, అంతవరకూ నేలకు సిమెంటు వేసి, కడిగిన నీళ్ళు బయటికి వదలకుండా గట్టు కట్టాలి. పటం శుభ్రంగా వచ్చింది. అరవై ఏళ్ళకు దగ్గరపడిన చేతితో అంత నున్నటి గీత గీయగలిగినందుకు నేను లోలోపల సంతోషించాను.

అభ్యంతరాల విచారణ కౌన్సిల్ హాలులో జరిగింది. ముందు వరసలో నూర్జహాన్‌కు కమిషనరు తన పక్క కుర్చీ చూపించాడు. పటం నాది, నేను నిలబడి ఉన్నాను. మొదట లేచినవాడు ఓబులేసు అనే రైతు. బావులకు దిగువన అతనికి రెండెకరాలుంది. అది ఊరికి ఆనుకుని, ఇళ్ళ ప్లాట్లుగా అమ్ముకోగల చోట ఉంది, నా వృత్తం లోపల పడింది.

"ఏం సార్, కాయితం మీద గుండ్రంగా గీస్తే భూమిలో నీళ్ళు గుండ్రంగా పారతాయా?" అన్నాడు. హాలంతా నవ్వింది. "వంక పైనించి కిందికి దిగుతాది. కిందుండే నా చేనికేమో కళ్ళెం ఏస్తాండారు. పైనుండే యూరియా గోడౌన్‌కేమో దండం పెట్టి ఇడిసిపెడ్తాండారు. శానా బాగుండాది మీ లెక్క."

ఎగువన, వంక గట్టు మీద, బావులకు ఏడు వందల మీటర్ల దూరంలో నాగేశ్వరయ్య అనే వ్యాపారి గోడౌన్ ఉంది. పగిలిన బస్తాల యూరియాను ఊడ్చి, నేల కడిగి, ఆ నీళ్ళు కాలువలోకి వదిలేవారు. కాలువ వంకలోకి పోతుంది. అది నా గీతకు రెండు వందల మీటర్లు బయట ఉంది. నాగేశ్వరయ్య లేచి నాకు నమస్కారం పెట్టాడు.

"సదువుకున్న ఆఫీసరు గీసిన గీతప్పా అది. నువ్వూ నేనూ కాదనేదానికి ల్యా" అన్నాడు ఓబులేసుతో.

ఆ ఊళ్ళో అప్పటివరకూ నా పనిని మెచ్చుకున్నవాడు ఆయన ఒక్కడే. ఎందుకు మెచ్చుకుంటున్నాడో నాకు తెలుసు. తెలిసి కూడా ఆ మెప్పు తీసుకున్నాను.

నూర్జహాన్ అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చింది. ఇసుకలో నీటి నడక ఎగువ నుంచి దిగువకు ఉంటుంది గనుక రక్షణ ప్రాంతం వంక వెంబడి ఎగువకు పొడుగ్గా సాగాలని, దిగువన కొద్దిగా ఉంటే చాలునని, చేత్తో గీసిన చిత్రం జత చేసింది. పొడుగు దోసకాయ ఆకారం. స్కేలు లేదు, ఉత్తర దిక్కు గుర్తు లేదు. ఆ రెండు లోపాలూ చూపించి తిప్పి పంపాను. మూడో రోజు రెండూ సరిచేసి మళ్ళీ పెట్టింది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత నయంగా ఉండేది.

తరవాత ఆమె ఒక పరీక్ష చేసింది. వేసవిలో ఆడవాళ్ళు నీళ్ళ కోసం వంక ఇసుకలో చెలమలు తవ్వడం ఆ ప్రాంతంలో అలవాటు. నాలుగో బావికి నలభై అడుగుల ఎగువన ఒక చెలమ, అంతే దూరం దిగువన ఒక చెలమ తవ్వించింది. పరీక్ష జరిగినన్ని రోజులూ ఆ బావి నీళ్ళను ట్యాంకుకు ఎక్కించకుండా బయటికి వదిలారు. ఎగువ చెలమలో కల్లుప్పు కరిగించి పోసి, మట్టి పరీక్షలకు వాడే మీటరుతో బావి నీళ్ళలో ఉప్పు శాతం చూసింది. మర్నాటికి అంకె పెరిగింది. అది పాత స్థాయికి దిగేదాకా ఆగి, దిగువ చెలమలో పోసింది. రెండు రోజులు చూసినా అంకె కదలలేదు. పరీక్షకు నన్ను పిలిచింది గానీ తనే వచ్చి పిలవలేదు, అటెండరుతో చెప్పి పంపింది. అందుకే నేను వెళ్ళలేదు.

వారం తరవాత, దిగువ చెలమ పరీక్ష మళ్ళీ చేస్తానని కమిషనరుకు రాసిచ్చాను. ఉప్పు నేనే కొన్నాను. మీటరు మాత్రం ఆమెను అడగక తప్పలేదు. "బ్యాటరీ తక్కువుంది సార్, చూసినాక ఆపేయండి" అని ఇచ్చింది. రెండు రోజులు గొడుగు వేసుకుని ఇసుకలో కూర్చున్నాను. గంటకోసారి నేనే నీళ్ళు తోడి, మీటరులో అంకె పైకి చదివాను. ఓబులేసు గట్టు మీద నిలబడి చూస్తూ ఉన్నాడు. రెండో రోజు సాయంత్రానికీ అంకె ఉన్నచోటే ఉంది.

"ఉప్పు మీదే గదా సార్?" అన్నాడు.

"నాదే."

"మీ ఉప్పు గూడా కిందికే పోయింది జూడండి. ఆఫీసరు ఉప్పని ఎదురెక్కలా."

అభ్యంతరం ఆమోదించక తప్పలేదు. కొత్త గీత గీశాను. దోసకాయ ఆకారమే. గోడౌన్ లోపలికి వచ్చింది, ఓబులేసు చేను చాలావరకు బయటికి పోయింది. రిపోర్టులో కారణాల గడి దగ్గర ఆగాను. అక్కడ 'ఈ కార్యాలయ క్షేత్ర పరిశీలనలో తేలిన మేరకు' అని రాశాను. నూర్జహాన్ పేరు రాయలేదు. మీటరు సంగతి రాయలేదు. అబద్ధం ఒక్క ముక్క లేదు. పరిశీలన చేసినమాట నిజం, రెండు రోజులు ఎండలో కూర్చున్నమాట నిజం. కౌన్సిల్ తీర్మానం అయింది. ఫైలు పైకి వెళ్ళింది. పటం మీద సంతకం నాదొక్కటే అని తృప్తిపడ్డాను.

మూడు నెలల తరవాత ఫైలు తిరిగి వచ్చింది. నాగేశ్వరయ్య పై ఆఫీసుకు అప్పీలు పెట్టాడు. మొదట వృత్తం గీసిన ఆఫీసరే తరవాత దాన్ని మార్చాడని, భూగర్భ జలాల నడక తేల్చే అర్హత టౌన్ ప్లానింగ్ వాళ్ళకు లేదని, తనమీద కక్షతోనే గీత సాగదీశారని ఆరోపణ. పై ఆఫీసు మమ్మల్ని రెండే ప్రశ్నలు అడిగింది. కొలతలు తీసినది ఎవరు? ఏ పరికరంతో? గడువులోగా ఆధారాలు పంపకపోతే రక్షణ ప్రాంతాన్ని తొలగించి మిగతా ప్లాన్‌ను ఆమోదిస్తామని చివర్న ఉంది.

నా దగ్గర ఆధారం లేదు. రెండు రోజుల అంకెలు నేను రాసుకోలేదు. అంకె కదలలేదు కదా, కదలనిదాన్ని రాయడమెందుకనుకున్నాను. ఇల్లు కొలిస్తే కొలత రాసుకుంటాం. కొలత మారలేదని రాసుకోవడం మా అలవాటులో లేదు. అసలు కారణం మాత్రం, ఆమె చెప్పింది నిజమని నా చేతి రాతతో రాయబుద్ధి కాకపోవడం.

అప్పటికి పోతపాల బిడ్డ ఒకణ్ణి కడప పెద్దాసుపత్రికి పంపారు. ఆ బిడ్డ బతికి వచ్చాడు. నీళ్ళవల్లే అని ఎవరూ తేల్చలేదు, కాదనీ తేల్చలేదు.

వ్యవసాయ ఆఫీసుకు నేనే నడిచి వెళ్ళాను. కాగితం చూపించాను. నూర్జహాన్ చదివి, బీరువా లోంచి ఒక పొడుగు నోటుబుక్కు తీసింది. రోజు, గంట, చెలమ, అంకె, పక్కన చూసినవాళ్ళ సంతకాలో వేలిముద్రలో ఉన్నాయి. తన పరీక్ష తరవాతి పేజీలో నా రెండు రోజులు కూడా ఉన్నాయి. గంట గంటకూ నేను పైకి చదివిన అంకెలను గట్టు మీది ఓబులేసు వెళ్ళి చెబుతుంటే ఆమె రాసుకుంది. పేజీ పైన 'టి.పి.ఓ. గారు స్వయంగా చేసిన పరీక్ష' అని నా పేరుతో సహా ఉంది.

"మీరు చేసిందే గట్టి ఆధారం సార్. మీరు నన్ను నమ్మక చేసినారు గదా, పైవాళ్ళు దాన్నే నమ్ముతారు" అంది.

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని చాలాసేపు వెతికాను. దొరకలేదు. నా పేరు ఆమె రాసింది, ఆమె పేరు నేను రాయలేదు. ఆ విషయంలోనూ ఆమే నాకంటే ముందుందన్న కడుపుమంట ఆ రోజు మొదలైంది, ఇంకా తగ్గలేదు.

నోటుబుక్కు పేజీల నకళ్ళు జత చేసి, సవరించిన రిపోర్టు నా చేత్తో రాశాను. కొలతలు తీసినది మండల వ్యవసాయాధికారి నూర్జహాన్ అని, సరిచూసినది నేనని, మొదటి వృత్తం తప్పని, మొదటి రిపోర్టులో ఆమె పేరు వదిలేసింది నేనేనని రాశాను. చివరి వాక్యం ఎవరూ అడగలేదు. అది లేకపోతే గీత మార్చింది ఆమె కొలతే గానీ నా కక్ష కాదని తేలదు, అప్పీలులోని ఆరోపణకు జవాబు ఉండదు. అప్పీలు కొట్టేశారు. రక్షణ ప్రాంతం ప్లాన్‌లో నిలిచింది. గోడౌన్ గీతకు బయట, రోడ్డుకు అవతలివైపుకు మారింది. నేను రిటైరయ్యే నాటికి నాలుగో బావి నీళ్ళు హద్దుకు లోపల ఉన్నాయి.

మా వృత్తిలోకి వచ్చేవాళ్ళకు చెప్పేది ఒకటే. గీత గీసినవాడి సంతకం గీతను నిలబెట్టదు. కొలిచినవాడి పేరు, కొలిచిన పరికరం, కదలని అంకెతో సహా ప్రతి అంకె రిపోర్టులో ఉండాలి. ఆ పేరు రాయడం మీకు ఇష్టమా కాదా అన్నది ఫైలుకు అనవసరం.