ఫైలకా కోట దగ్గర పలకని పేరు

మా చిన్నప్పుడు... ఫైలకా దీవికి పోయే పడవలో నాయన తెల్లచొక్కా మీద ఉప్పునీళ్ళు చిమ్మాయి. అమ్మ కొంగుతో తుడుస్తూ, "పండక్కి కుట్టుకున్న చొక్కా, సముద్రానికి తాపితిరి గదా" అని నవ్వింది. అమ్మ నవ్వడం తక్కువ. అందుకే ఆ శుక్రవారం ఇంకా కళ్ళ ముందే ఉంది...

నాయన కువైట్ సిటీలో మిర్కాబ్ బజారులో దర్జీ. రాయచోటి నుంచి మమ్మల్ని కూడా కువైట్‌కు పిలిపించుకున్నాడు. నాకు పన్నెండేళ్ళు, తమ్ముడు ఖాదర్‌కు తొమ్మిది, చెల్లెలు రజియాకు ఐదు. వారమంతా ఐదుగురం ఒకే గదిలో. అందుకే ఆ రోజు అంత ఆకాశం చూసి మాకు ఏం చేయాలో తోచలేదు.

టిఫిన్ క్యారియర్‌లో చిత్రాన్నం, ఊరమిరపకాయలు. మరచెంబు నిండా నీళ్ళు. దీవి మీద ఇసుకలో పాత రాతిగోడలు... మోకాలెత్తు గదులు, విరిగిన స్తంభాల మొదళ్ళు.

"రోమ్ వాళ్ళ కోట ఇది" అన్నాడు నాయన, తనే కట్టించినట్టు.

కాపలా ఉన్న అరబ్బు ముసలాయన చెయ్యి ఊపాడు. "లా, లా! యూనానీ... సికందర్!" కాదు, అలెగ్జాండర్ నాటి గ్రీకులదని.

"ఎవరిదైతేనేం లే, చచ్చినోళ్ళదే గదా" అన్నాడు నాయన మాతో. మాకు మాత్రం అది రోమ్ కోటగానే మిగిలిపోయింది.

రజియా ఒక గదిలో కూర్చుని చాలాసేపు లేవలేదు. "ఈడ ఉన్నోళ్ళంతా యాడికి పోయినారు నాయనా?"

"ఇంటికి పోయింటార్లే."

"ఇల్లు ఇదే గదా?"

నాయన లేచి చొక్కాకంటిన ఇసుక దులుపుకున్నాడు. గాలి హోరు పెరిగింది...

మా అమ్మకు ఒక అలవాటు. వాళ్ళమ్మ నేర్పింది. మనుషులు లేని పాడుబడిన చోటి నుంచి లేచేటప్పుడు పిల్లల్ని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవాలి. వాళ్ళు "వస్తాండా" అని గట్టిగా పలకాలి. పలక్కపోతే ఆ పిల్లలో కొంత అక్కడే నిలిచిపోతుందట.

సాయంత్రం నాయన "యల్లా, యల్లా, పడవ పోతాది" అని తొందరపెడుతున్నాడు. అమ్మ గోడ వైపు తిరిగి నన్ను పిలిచింది. పలికాను. ఖాదర్‌ను పిలిచింది. పలికాడు. "రజియా..." అంది. రజియా నాయన భుజం మీద కళ్ళు మూసుకుని ఉంది.

"నిద్రపోయినట్టుంది. దాని బదులు నువ్వు పలుకు పాపా" అంది అమ్మ నాతో.

పక్కనే మా బడిలో చదివే పిల్ల, వాళ్ళ ఇంటివాళ్ళు. మమ్మల్నే చూస్తూ నవ్వుతున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది... పెదవులు కదిపాను. మాట బయటికి రానీలేదు.

"పలికినావా?"

"పలికినాలేమ్మా."

గాలి హోరులో తనకు వినపడలేదనుకుంది అమ్మ. మరచెంబు తీసుకుని నడిచింది.

ఇల్లు చేరేసరికి రజియాకు జ్వరం. మూడు రోజులు. నాయన ఖురాన్ ఆయతులు చదివి ఊదిన నీళ్ళు తాపించాడు. తగ్గింది. కానీ ఆ తర్వాత రజియా మొదటి పిలుపుకు ఎప్పుడూ పలకలేదు. మూడోసారి పిలిస్తే, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు "ఆఁ" అనేది. బడిలో అంతే. తర్వాత అత్తగారింట్లోనూ అంతే. "ఈ పిల్ల ధ్యాస యాడుంటాదో" అనేది అమ్మ. నేను తల వంచుకునేదాన్ని.

తొంభైలో ఇరాక్ యుద్ధం వచ్చింది. మేము ఊరు చేరాం. దీవి జనం కూడా ఇళ్ళు వదిలి వెళ్ళిపోయారు... మళ్ళీ కాపురానికి రాలేదు. పెళ్ళయ్యాక నేను తిరిగి కువైట్ వచ్చాను. నాయన పోయాడు. అమ్మ కూడా పోయింది, నేను పలికాననే నమ్మకంతో.

ఇలాంటి నమ్మకాలకు మన దీన్‌లో, మన మతంలో చోటు లేదు. తెలుసు. అయినా దువాకు చేతులెత్తిన ప్రతిసారీ రజియా పేరే ముందు వస్తుంది...

ఈ చలికాలం, కువైట్‌లోనే పనిచేస్తున్న ఖాదర్ నన్ను ఫైలకాకు తీసుకుపోయాడు. మా చిన్నప్పుడు దీపాలు వెలిగిన ఇళ్ళకు ఇప్పుడు తలుపులు లేవు. గోడల నిండా తూటాల గుంటలు. ఒక వంటింట్లో గిన్నెల అర అలాగే ఉంది... అప్పుడు పాడుబడిన గోడలు కోట వైపే ఉండేవి. ఇప్పుడు రెండు వైపులా.

కోట దగ్గర నిలబడి రాయచోటిలో ఉన్న రజియాకు ఫోన్ చేశాను. ఇన్నేళ్ళుగా దాచింది చెప్పేశాను.

అంతా విని అంది... "ఆ పొద్దు నేను నిద్రపోలేదక్కా. నువ్వు పలుకుతావేమో అని కండ్లు మూసుకోని చూస్తాంటి."

ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"ఇప్పుడు పలుకు" అంది.

గోడ వైపు తిరిగాను. "రజియా వస్తాంది!" అని అరిచాను. దూరంగా ఎవరో తిరిగి చూశారు. చూడనీ...

ఫోన్‌లోకి "రజియా" అన్నాను. "రజియా..." మూడోసారికి పలికింది, ఎప్పటిలాగే.

"ఆఁ... పడవకు టైమైంటాది, పో అక్కా."

బయల్దేరుతూ ఒక క్షణం ఆగాను. ఖాదర్ ముందు నడుస్తూ "రాక్కా" అన్నాడు. వాడు నన్ను పేరు పెట్టి ఎలా పిలుస్తాడు? పెద్దదాన్ని కదా... అమ్మలా నా పేరు పిలిచేవాళ్ళు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు.

ఈ రోజుల్లో ఎవరు ఎక్కడున్నారో ఫోనే చూపిస్తుంది. గోడల వైపు తిరిగి పిలిచే అమ్మలు లేరు. మీ ఇళ్ళల్లో ఇలా పిలిచేవాళ్ళు ఉండేవాళ్ళా... ఉంటే రాయండి, చదువుతాను. మిమ్మల్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇంకా ఉంటే మాత్రం... మొదటి పిలుపుకే పలకండి.