పదాటోపి

ఆ ఎనిమిదంతస్తుల భవనంలో లిఫ్టు మెకానిక్కును ‘నిఘంటువుగారు’ అనేవారు. పనిలో దిట్ట, నోరు విప్పితేనే చిక్కు. పదో తరగతి రెండుసార్లు తప్పాడు. ఆ నామోషీ కప్పిపుచ్చుకోవడానికో ఏమో, కొరుకుడుపడని మాట ఎక్కడ వినబడ్డా ఏరుకొచ్చి ఎవరో ఒకరి మీద ప్రయోగించేవాడు. గ్రీజు డబ్బాను “స్నిగ్ధద్రవ్య పాత్ర” అంటే భార్య తెల్లమొహం వేసేది. అతను మురిసిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం మేడ మీది వడియాలు తేవడానికి బయల్దేరిన అతని అత్తగారు, పళ్ల డాక్టరు, ట్యూషన్ టీచరమ్మ ఎక్కిన లిఫ్టు మూడో అంతస్తు దాటి ఠక్కున ఆగింది. కరెంటు పోయింది. లోపల చీకటి.

అతను పరుగున మెట్లెక్కి తలుపు సందులో నోరుపెట్టి అరిచాడు. “భీతిల్లకుడు! అచిరకాలమున మీకు ఊర్ధ్వగమనం ప్రాప్తించును!”

“ఏమంటున్నాడు బాబూ?” అంది అత్తగారు.

“పైకి పోతామంటున్నాడండీ...” అన్నాడు డాక్టరు.

“పైకా! ఓరి దేవుడో, నా కూతుర్ని మళ్లీ చూడకుండానే పోతానా!”

అతను పెద్ద మాటలు అక్కడే వదిలేశాడు. అసలే ఆవిడకు బీపీ.

“అత్తయ్యా, నేనే! కరెంటు పోయిందంతే. చేత్తో చక్రం తిప్పి నాలుగో అంతస్తుకు తెస్తాను. కాస్త కూర్చోండి.”

“ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా, బడాయిరాయుడా!”

లోపల నవ్వులు లేచాయి. అతను మేడ మీది లిఫ్టు యంత్రం గదికి ఉరికి చక్రం తిప్పసాగాడు. కింది నుంచి మాటలు ఖంగుమంటూ వినబడుతున్నాయి.

“నిఘంటువు మింగినవాడు!” ఇది డాక్టరు.

“పాషాణపాకం, కొరికితే రాయే!” టీచరమ్మ అంతటితో ఆగలేదు. “ఉండండుండండి, పదాటోపి! పదాల ఆటోపంతో, అంటే ఆర్భాటంతో, జనానికి టోపీ పెట్టేవాడు!”

సిగ్గుతో చచ్చిపోవాల్సిన మనిషి ఒళ్లంతా పులకరించిపోయాడు. తనలాంటి వాళ్లకు ఇన్ని పేర్లా!

“ఇంకొకటి! ఇంకొకటి చెప్పండి!” చక్రం వదలకుండానే కిందికి కేకేశాడు.

లిఫ్టు నాలుగో అంతస్తుకు చేరింది. కిందికి దిగొచ్చి తలుపు తీయగానే అత్తగారు అతని చెవి మెలేసింది. మరుక్షణం కొంగుతో అతని చెమట తుడిచింది. అతను మాత్రం టీచరమ్మనే పట్టుకున్నాడు. “ఆ చివరి మాట మళ్లీ విడదీసి చెప్పండి!”

చెప్పించుకుని, మెట్లు రెండేసి చొప్పున దూకుతూ కింద తమ గదికి పరుగెత్తాడు.

“అమ్మ బాగానే ఉందా?” భార్య కంగారుగా ఎదురొచ్చింది.

“నిక్షేపంగా ఉంది. అది సరేగానీ, నేను పదాటోపినట! తెలుసా నీకు?”