దట్టీ కట్టిన ఇనుప బొమ్మ

మా అత్తకు ఏ వస్తువైనా కంటితో చూస్తే చూసినట్టు కాదు. చేత్తో తడమాలి, గోటితో గీకాలి, వీలైతే వాసన కూడా చూడాలి. సంతలో వంకాయలమ్మే ఆమెకు మా అత్త వస్తోందంటే గుండె గుభేలుమనేది. నేను కోడలిగా ఎమ్మిగనూరు వచ్చిన కొత్తలో నన్నూ అట్లాగే చూసింది. జడ పట్టుకుని బరువు చూసి, మోచేయి నొక్కి, ఎముక గట్టిదేనంది. నాకు ఒళ్లు మండింది. నేనేమన్నా ఎద్దునా? ఆమె కళ్లకు పొర కమ్ముతోందని, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా చేతులతో నెట్టుకొస్తోందని తర్వాత మెల్లగా తెలిసింది.

మాది మగ్గాల ఇల్లు. నా మొగుడు మగ్గం గుంటలో, అత్త రాట్నం ముందు. కండెలు చుట్టేటప్పుడు తెగిన పోగు కనిపించాలి, వెంటనే అతకాలి. పోగు కనపడని మనిషికి మా ఇళ్లలో పని ఉండదు. మూల కూర్చోబెట్టి వేళకింత అన్నం పెడతారు. మూల కూర్చునే రకమా ఆమె! అందుకే ఆ ఏడు పీర్ల పండక్కి నోరు విప్పకుండా మొక్కుకుంది. మా వైపు పీర్ల పండగంటే సాయిబులదీ మాదీ అని లేదు. పీర్లంటే చావిడిలో నిలబెట్టే లోహపు చేతులు, వాటికి అందరం మొక్కుతాం, మొక్కుకున్నవాళ్లం ఎర్రగుడ్డ తెచ్చి కడతాం. ఆ గుడ్డనే దట్టీ అంటాం. ఆమె కొడుకు చేత ఎర్ర దట్టీ నేయించింది, అంచుకు జరీ కుట్టించాలని దాచిపెట్టుకుంది.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. ఆదోని నుంచి నూలు తెచ్చే ఆయన ఒకనాడు మా అరుగు మీద కూర్చుని ఒక వింత చెప్పాడు. అక్కడ పత్తి గింజలు తీసే మిల్లులో ఒక ముసలి మిస్త్రీ పాత ఇనుముతో బొమ్మలు చేశాడట. కొత్త పత్తి వచ్చేదాకా షెడ్డు ఖాళీగానే ఉంటుంది కాబట్టి, బొమ్మల్ని అందులో వరసగా నిలబెట్టి జనానికి చూపిస్తున్నారట. ఊరంతా ఎగబడుతోందట. మా అత్త రాట్నం ఆపేసింది. ఇనుముతో కోడిపుంజును చేస్తే రెక్కలు ఎట్లా పెట్టాడు? మనుషులున్నారా? ఎంత ఎత్తు? తడితే మోగుతాయా? ఆయన జవాబులు చెప్పలేక మజ్జిగ కూడా తాగకుండా లేచిపోయాడు. మర్నాడు పొద్దున్నే మేమిద్దరం ఆదోని బస్సులో ఉన్నాం. జరీ కుట్టించడానికి పోతున్నామని ఇంట్లో చెప్పాం. నిజానికి నాకూ ఆ బొమ్మలే కావాలి.

జరీ పని అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. దట్టీని మడిచి రొండిన దోపుకుని మిల్లుకు వచ్చింది అత్త. షెడ్డులో ఇంకా పత్తి వాసనే. రేకుల సందుల నుంచి చారలు చారలుగా వెలుతురు పడుతోంది. గుమ్మం దగ్గరే కోడిపుంజు. జిన్నింగు మిషన్ల రంపపు చక్రం సగం కోసి జుట్టు పెట్టాడు. పత్తి బేళ్లకు బిగించే పట్టీలన్నీ వంచి తోక చేశాడు. దాని పక్కన స్ప్రింగు కాళ్ల మేక, ముట్టుకుంటే గజగజ వణికేది. ఆ వెనక ఎద్దు. బండి చక్రం పట్టా వంచితే మూపురమైంది, డెక్కలకు నిజం లాడాలే వేశాడు. పత్తి తూచే తరాజు పట్టుకున్న మనిషికి నూనె డబ్బా మూత బొజ్జ. పెద్దకడుబూరు నుంచి పత్తి రైతులు కొందరు వచ్చి ఉన్నారు. వాళ్లు ఆ బొజ్జ మీద తట్టి, ఎవరో షావుకారు పేరు చెప్పుకుని, కడుపు పట్టుకుని నవ్వుకున్నారు. నేనూ నవ్వాను, ఎవరో తెలియకపోయినా.

మిస్త్రీ సన్నగా, నూనె మరకల చొక్కాతో, బొమ్మల మధ్య తిరుగుతున్నాడు. సాయిబుల మనిషి, మంచి మాటకారి. అత్త ఒక్కో బొమ్మను గోటితో తట్టి చప్పుడు వినేది, ఈ ముక్క ముందు ఏమై ఉండేదని అడిగేది. ఇది బేరింగు, ఇది పాత తాళం, ఇది విరిగిన కొడవలి అని ఆయన చెప్పేవాడు. అట్లా అడిగినవాళ్లు ఇంతవరకూ లేరని ఆయన ముఖం వెలిగిపోయింది. కాసేపటికి నా అడుగులు కోడిపుంజు దగ్గరికే వెనక్కి పోయాయి. అత్త మాత్రం వరస వెంట తడుముకుంటూ షెడ్డు లోపలికి పోయింది.

నాకొక సందేహం. ఎద్దుకు కళ్లు పెట్టినవాడు మనుషులకెందుకు ముఖాలు పెట్టలేదు? అందరికీ తల ఉండాల్సిన చోట నున్నటి రేకుబిళ్ల. అడిగేశాను. తమ పెద్దలకు మనుషుల బొమ్మలు చేయడం నచ్చదనీ, ముఖం లేకుంటే పోనీలెమ్మన్నారనీ చెప్పాడు. ఈ బొమ్మలన్నీ ఇక్కడే ఉంటాయా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. ఇనుము మిల్లుదే. రేపు లారీ వచ్చి అన్నీ ఎత్తుకుపోతుంది, కొలిమిలో కరిగిస్తారు. ఒక్కటి మాత్రం ఇంటికి తీసుకుపొమ్మని యజమాని ఒప్పుకున్నాడు. దానికోసమే బయట ఒక మనిషిని తోపుడుబండితో తెచ్చి పెట్టుకున్నాడు.

"ఏది?" అన్నాను.

షెడ్డు చివరికి గడ్డంతో చూపించాడు. నడుం మీద గంప పెట్టుకుని, కుడిచెయ్యి పైకెత్తిన ఆడమనిషి బొమ్మ.

"మా ఇంటామె," అన్నాడు. "మిల్లు మోతలో పిలిస్తే ఎవురికి ఇనపడుతుంది? మధ్యాన్నం సద్ది తెచ్చి గేటుకాడ చెయ్యెత్తి నిలబడుతాండె. ఆ చెయ్యి సూసి నేను పోతాంటి. పోయినేడు ఎండల్లో కాలం చేసింది. పోటో కూడా ల్యా. ఇదొక్కటే."

ముఖమే లేదు కదా, ఆమేనని ఎట్లా తెలుస్తుందని నా నోరు ఊరుకోక అడిగింది. ఆయనకు కోపం రాలేదు, నవ్వాడు.

"చెయ్యి ఉంది కదమ్మా."

అంతలో ఊదు వాసన వచ్చింది. మిల్లులో ఊదెవరు వేశారా అని ఇద్దరం తిరిగి చూశాం. షెడ్డు చివర జనం గుమిగూడి ఉన్నారు. వాళ్ల తలల మీదుగా ఆ చెయ్యి కనిపిస్తోంది. దానికి మా ఇంటి ఎర్ర దట్టీ, కొత్త జరీ అంచుతో సహా, కట్టి ఉంది.

జరిగిందేమిటో ఊహించడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. చీకటి మూల, పైకెత్తిన లోహపు చెయ్యి, ముఖం లేదు. పండగ నెల దగ్గరపడుతోంది. మా అత్త చేతికి ముందుగా ఆ అరచెయ్యే తగిలింది, అయిదు వేళ్లూ పట్టి చూసుకుని, పీరే అనుకుంది. దండం పెట్టి, మొక్కు చెప్పుకుని, దట్టీ కట్టేసింది. అది చూసి ఇంకొకామె కొంగు చించి కట్టింది. ఎవరో బెల్లం తెచ్చారు, ఎవరో ఊదు తెచ్చారు. మిల్లులో పీరు వెలిశాడన్న మాట అప్పటికే వీధిలోకి పోయింది. గుమ్మం దగ్గర చెప్పులు గుట్టపడుతున్నాయి.

మిస్త్రీ జనాన్ని తోసుకుని పోయాడు. ఇది పీరు కాదు, నేను చేసిన బొమ్మ, బోల్టులు చూడండి అని ఒక్కో బోల్టూ చూపించాడు. ఎవరు వింటారు? నీ చేతుల మీదుగా రావాలని రాసుంది, వచ్చాడు, నీ అదృష్టమన్నారు. ఒకాయన ఆయన కాళ్లకు దండం కూడా పెట్టాడు. ఇంటికి తీసుకుపోతానంటే ఒప్పుకోలేదు. పీరు సంసారుల ఇంట్లో ఉంటాడా, చావిడికే పోవాలన్నారు. తోపుడుబండి మనిషి బండి మీద చెయ్యి తీసేసి దూరంగా నిలబడ్డాడు. చావిడి పెద్దను పిలుచుకురావడానికి ఎవరో పరుగెత్తారు.

మిస్త్రీ పక్కనే ఉన్న విరిగిన రోలరు మీద కూలబడ్డాడు.

"దేవుణ్ణి చేసినారు, బాగనే ఉంది," అన్నాడు, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. "నా మనిషిని ల్యాకుండా చేసినారు."

నాకు అత్త మీద పట్టరాని కోపం వచ్చింది. చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కుపోయాను. మిస్త్రీ నాతో చెప్పిందంతా గబగబా చెప్పేశాను. కళ్లు కనపడకపోతే ఒక మాట అడగొచ్చు కదా అని కూడా అన్నాను. అప్పటిదాకా మా ఇంట్లో ఎవరం ఆమె ముందు అనని మాట అది. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కొంగు దోపుకుని పోయి మిస్త్రీ ముందు చతికిలబడింది.

ఆమె అడిగింది చూడండి. సద్దిలో ఏం తెచ్చేదని! జొన్నరొట్టె, చింతాకు ఊరిబిండి అని చెప్పాడాయన. గంప ఏ చంకన పెట్టుకునేది? ఎంత సేపు చెయ్యెత్తి నిలబడేది, నొప్పి పుట్టేది కాదా? ఒక్కోసారి పని వదిలి రావడానికి ఆలస్యమయ్యేదనీ, అప్పుడు గంప దించి ఎడమ చేత్తో కుడిచేతిని ఆనించుకుని నిలబడేదనీ చెబుతూ ఆయన ఏడ్చేశాడు. మా అత్త లేచింది.

జనం దారి ఇచ్చారు, మళ్లీ మొక్కడానికి వస్తోందనుకుని. ఆమె చేతులు పైకి చాపి, ముడి వెతుక్కుని, తన దట్టీ విప్పడం మొదలుపెట్టింది. ఒక్కసారిగా గగ్గోలు. ఒక పెద్దాయన అడ్డం వచ్చాడు.

"కట్టినోళ్లే ఇప్పితే మొక్కు తిరగబడుతుందమ్మా. దేనికి మొక్కితివి?"

"కండ్లకు."

ఆయన గొంతు తగ్గించాడు. "ఇప్పితే అవి పోతాయి."

"పోతే నావి పోతాయి. నువ్వు పక్కకు జరుగప్పా, ఎలుతురు అడ్డమొస్తాండావు."

తన దట్టీ విప్పింది. ఇది ఆ మిస్త్రీ ఇల్లాలి చెయ్యి, పొరపాటు నాది, మీవీ విప్పుకోండి అని అందరికీ చెప్పింది. ఒక్కరూ కదల్లేదు. దాంతో ఆమే ఒక్కోటీ విప్పసాగింది. నేనూ పోయి ఒక చెయ్యి వేశాను. భయం వేయలేదంటే అబద్ధం. నాకూ కళ్లు ఉన్నాయి కదా. సాయం చేసినవాళ్లు లేరు, ఆపినవాళ్లూ లేరు. చివరి గుడ్డ ఊడేసరికి సగం మంది చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

బండి మనిషి బొమ్మను ముట్టుకోనన్నాడు. మిస్త్రీ, నేను, అత్త ముగ్గురమే ఎత్తి బండి మీద పడుకోబెట్టాం. మహా బరువు. గేటు దాటాక మిస్త్రీ బండి ఆపి, మీ కళ్ల కోసం రోజూ దువా చేస్తానన్నాడు. చేసుకోమంది అత్త. వానకు తడవనియ్యొద్దని, తుప్పు పడుతుందని, వారానికోసారి నూనె గుడ్డతో తుడవమని చెప్పింది. ఇనుము సంగతి మిస్త్రీకే చెబుతోంది! ఆయన బుద్ధిగా తలూపి బండి తోసుకుపోయాడు. చావిడి పెద్ద వచ్చేసరికి అక్కడ బెల్లం ముక్కలు తప్ప ఏమీ లేవు.

ఆ పండక్కి మా ఊరి చావిడిలో ఆమె దట్టీ కట్టలేదు. ఇచ్చి తీసుకున్న గుడ్డ మళ్లీ ఇవ్వకూడదంది. కొత్తది నేస్తానని కొడుకు ఎంత చెప్పినా వినలేదు. పొర అట్లా పెరుగుతూనే పోయింది. నాకు రెండో కాన్పు అయ్యేనాటికి బిడ్డ ముఖం ఆమెకు ఆనలేదు. వీధిలో ఆడవాళ్లు పీరు కోపమని గుసగుసలాడారు. నేను బావి దగ్గర ఇద్దరితో జుట్లు పట్టుకున్నంత పని చేశాను. ఆదోనిలో ఎవరో చెబితే అంత దూరం నుంచి మిస్త్రీ కూడా ఒకసారి వచ్చాడు. ఆమె ముందు కూర్చుని, అంతా నా మూలానే అని కుమిలిపోయాడు. నోర్ముయ్యమని కసిరి, అన్నం తిని పొమ్మంది.

ఆయన వెళ్లాక ఉండబట్టలేక అడిగాను, ఆ దట్టీ విప్పినందుకు ఎప్పుడూ బాధ అనిపించలేదా అని.

"అనిపియ్యకుండా ఎట్లుంటుంది మేయ్? కండ్లు కదా," అంది. మళ్లీ తనే అంది. "ఇప్పకుండా వచ్చేసింటే, కండ్లు నిలిచినా ఏం సూస్తాంటి? దినామూ ఆ మిస్త్రీ మొగమే సూడాల్సొస్తాండె."