సాయంత్రం తెరవని దవాఖానా

మిరప తోటలో మా అమ్మకు కాలి బొటనవేలి దగ్గర ముల్లు గుచ్చుకుంది. షుగర్ ఉన్న మనిషి కావడంతో ఆ చిన్న గాయం మానలేదు. మాది కారేపల్లి దాటాక అడవి మొదలయ్యే వైపు ఊరు. ఊళ్లో సర్కారు దవాఖానా ఉంది. మందులు ఉచితం. ఉన్న ఒక్క సిస్టరు శ్రద్ధగా కట్టు కడుతుంది. కానీ ఆమె ఖమ్మం నుంచి బస్సులో వచ్చేసరికి అమ్మ మిరపకాయలు ఏరడానికి వెళ్లిపోయేది. అమ్మ తిరిగొచ్చేసరికి దవాఖానాకు తాళం.

అందుకని అమ్మ పొద్దుగూకాక, ఏ డిగ్రీ లేకుండా వైద్యం చేసే మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికి పోయేది. ఆయన ప్రతిసారీ ఒక సూది వేసి, గాయం మీద ఏదో పొడి చల్లి పంపేవాడు. నేను కోప్పడితే, "పైసలు పోతే పోనీ కొడుకా. నేనొచ్చే యాళ్లకు ఆయన ఉంటడు. కూలి పోగొట్టుకొని పగలు యాడ కూసోవాలె?" అనేది.

ఆ మాటతోనే నాకు ఆలోచన వచ్చింది. దవాఖానా వెనక సిస్టర్ కోసం కట్టిన క్వార్టర్ ఉంది. బోరు మోటరు కాలిపోయి, కప్పు కురుస్తూ పాడుబడింది. నేను కరెంటు పని చేసేవాణ్ని. ఊరంతా తలో చెయ్యి వేస్తే దాన్ని బాగుచేసుకోవడం కష్టమేమీ కాదు. సిస్టర్‌నే అడిగాను.

"నీళ్లుంటే చాలన్నా, పిల్లను తీస్కొని ఇక్కడ్నే ఉంట. సాయంత్రం గూడ చూస్త. రోజూ బస్సుల తిరిగి నా నడుము పడిపోతున్నది" అంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందర విషయం ఎత్తాను. పక్క గూడెం వాళ్లనూ పిలిచాను. మా పెదనాన్న లేచాడు.

"సర్కారు దవాఖానాకు మనం పైసలిచ్చుడేంది? గిట్ల అలవాటు చేస్తే రేపు గోలీలకు గూడ అడుగుతరు."

తప్పు మాటేమీ కాదు. అమ్మే అంది: "ఇప్పుడు ఇస్తలేమా బావా? ఆర్‌ఎంపీకి ఇస్తున్నం, ఆటో కిరాయికి ఇస్తున్నం. అదేదో మంచిగ చూసేటామెకు ఇద్దాం."

చివరికి పెదనాన్నే మొదటి చందా ఇచ్చాడు.

ఖమ్మంలో వైద్యశాఖ ఆఫీసుకు పెదనాన్నా నేనూ వెళ్లాం. అధికారి మర్యాదగానే కూర్చోబెట్టాడు.

"ప్రభుత్వ బిల్డింగ్‌కు మీ సొంత డబ్బు పెట్టడానికి లేదు. వైద్యం ఉచితం. ప్రజల దగ్గర వసూలు చేశారని ఎవరైనా పేపర్లో రాస్తే నా ఉద్యోగం పోతుంది."

"వసూలు కాదు సార్, మేమే ఇస్తమంటున్నం."

"అయినా సరే. ప్రపోజల్ పైకి పంపిస్తాను."

"అందాక మోటరొక్కటన్న బిగిస్త సార్. నా పనికి ఏం తీస్కోను."

"ముట్టుకోవద్దు" అన్నాడు.

మళ్లీ మళ్లీ తిరిగాం. ఎప్పుడు అడిగినా ప్రపోజల్ పైనే ఉంది. మిర్చి సీజన్ అయ్యేలోపు సిస్టర్‌ను వేరే మండలానికి మార్చారు. ఆమె చోటికి ఎవరూ రాలేదు. చందాలు ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేశాను. పెదనాన్న తీసుకుంటూ నా ముఖం చూడలేదు.

అమ్మ వేలు నల్లబడింది. ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో తీసేశారు. ఆ బిల్లు డబ్బుతో క్వార్టర్ మొత్తం బాగుపడేది.

కొన్నాళ్లకు పైనుంచి ఒక బృందం వచ్చి, సాయంత్రం పూట పంచాయతీ ఆఫీసు ముందు మీటింగ్ పెట్టింది. "ఉచిత వైద్యం ఉన్నా ఆర్‌ఎంపీల దగ్గరికి ఎందుకు పోతున్నారు? మీకు అవగాహన లేదు" అని ఒకాయన మైకులో చెబుతున్నాడు. నా ఒళ్లు మండింది. అమ్మ కర్ర పట్టుకుని లేచింది. గట్టిగా అడుగుతుందనుకున్నాను.

నా వైపు తిరిగి, "పోదాం పా, కాలు గుంజుతున్నది" అంది.

బండి ఎక్కించుకుని ఆర్‌ఎంపీ ఇంటి ముందు ఆపాను. ఆయన సూది తీస్తుంటే వద్దని ఆపుదామనిపించింది. ఆపి అమ్మను ఎక్కడికి తీసుకుపోవాలో తెలియక, బయటికి వచ్చి నిలబడ్డాను.